పనిచోట ఒకరు నేర్చుకున్నది అందరికీ అందేలా చేయడం ఎలా?

మనిషి పనిచేస్తూ రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటాడు. సంస్థ అలా దానంతట అది నేర్చుకోదు. ఉద్యోగుల్లో ఒక్కొక్కరికి ఎంత తెలిసినా, ఆ తెలిసింది పని జరిగే పద్ధతిలోకి రాకపోతే సంస్థకు తెలిసినట్టు కాదు. ఆ మనిషి సెలవు పెట్టినా, మానేసినా, రిటైరైనా అదంతా ఆయనతో పాటే గేటు దాటి వెళ్లిపోతుంది.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు లోహపు పార్టులు తయారుచేసే చిన్న మెషీన్ షాపును మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. చిన్న చిన్న మార్పులతో ఆసుపత్రికీ, బ్యాంకు బ్రాంచికీ, సాఫ్ట్‌వేర్ టీమ్‌కూ ఇదే పద్ధతి సరిపోతుంది. మీరు సూపర్‌వైజరో, మేనేజరో, యజమానో అయితే మొదటి నుంచి వరుసగా చేసుకుంటూ రండి. చేతిలో అధికారం లేని ఉద్యోగి అయితే చివరి భాగం మీ కోసమే రాశాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. సంస్థ నేర్చుకోకపోతే నష్టం యజమానికే అనుకుంటారు. నిజానికి ఎక్కువ భారం పడేది ఉద్యోగి మీద. మెషీన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టర్‌ని, ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాణ్ని చూడండి. ఆ మెషీన్ సంగతి ఆయనకొక్కడికే తెలుసు. కూతురి పెళ్లిలో ఉన్నా ఫోన్ మోగుతుంది. జ్వరం వచ్చినా రావాల్సిందే. ఆయన్ని అక్కడి నుంచి కదిపితే పని ఆగిపోతుంది కాబట్టి ప్రమోషన్ ఇవ్వడానికి కూడా జంకుతారు. కొత్తగా చేరిన కుర్రాడి కష్టం ఇంకో రకం. నిరుడు ఇంకొకడు చేసిన తప్పే ఈ ఏడు తను చేసి, వాడు తిన్న తిట్లే తనూ తింటాడు. పాత తప్పును మళ్లీ మళ్లీ సరిదిద్దడంలో ఉండే అలసట చాలా చెడ్డది. మనుషులు ఉద్యోగాలు మానేయడానికి జీతం ఒక్కటే కారణం కాదని నా గట్టి నమ్మకం. చెప్పినా ఏదీ మారని చోట ఎవరికీ ఎక్కువ కాలం ఉండబుద్ధి కాదు.

మొదట, ఏ పని ఎవరి తలలో ఉందో చూసుకోండి

ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. "అది ఆయన్నే అడగాలి" అన్న మాట వినబడిన ప్రతిసారీ ఏ పని గురించి, ఎవర్ని అడగాలన్నారో రాసుకోండి. వారం తిరిగేసరికి ఒక జాబితా తయారవుతుంది. దాన్ని మూడు గడులుగా గీయండి: పని, తెలిసిన మనిషి, రెండో మనిషి. రెండో గడిలో ఒకే పేరు ఉండి, మూడో గడి ఖాళీగా ఉన్న పనులు మీకు ప్రమాదకరం. అందులోనూ ఆగితే డిస్పాచ్ ఆగిపోయేవి ఏవో వాటికి గుర్తు పెట్టుకోండి. మొదలు అక్కడే. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ పూర్తికాదు.

ఇప్పుడు కష్టమైన భాగం వస్తుంది. ఆ సీనియర్‌తో మాట్లాడాలి. చాలామంది మేనేజర్లు ఇక్కడ తడబడతారు. "మీకు తెలిసిందంతా రాసివ్వండి" అని నేరుగా అడిగేస్తారు. ఆయన సరేనంటారు, నెలలు గడిచినా ఒక్క పేజీ రాదు. ఆయనది మొండితనం కాదు, భయం. "నాకు తెలిసింది చెప్పేశాక నన్నెందుకు ఉంచుకుంటారు? నా జీతంలో సగానికి ఒక కుర్రాణ్ని పెట్టుకుంటారు కదా" అన్న ఆలోచన ఆయనకు రావడం సహజం. అలా జరిగిన చోట్లు ఆయన చూసే ఉంటారు. ఆ భయాన్ని తీసిపారేయకండి.

దానికి మాటలతో కాకుండా పనితో జవాబు చెప్పండి. నేర్పడం ఆయన ఉద్యోగంలో భాగమని కాగితం మీద పెట్టండి. హోదా పేరు మార్చండి, వీలైతే దానికి నెలకు కొంత అలవెన్స్ కలపండి. నేర్పే రోజుల్లో ఆయన ప్రొడక్షన్ టార్గెట్ తగ్గించండి. టార్గెట్ అలాగే ఉంచి నేర్పమంటే, ఉచితంగా ఓవర్‌టైమ్ చేయమన్నట్టే. ఆయన చెప్పిన పద్ధతి రాసినప్పుడు కింద ఆయన పేరు వేయండి. ఆయన సెలవులో ఉండగా పని సాఫీగా నడిస్తే, తిరిగొచ్చిన రోజు నలుగురిలో "మీరు నేర్పారు కాబట్టే నడిచింది" అని చెప్పండి. అలా విన్న మనిషి ఇంకో మెళకువ దాచుకోడు.

ఆయన్ని రాయమనకండి కూడా. చేతి పనిలో ఆరితేరిన వాళ్లకు తమకు ఏం తెలుసో తమకే తెలియదు. టూల్ అరుగుతోందని శబ్దం విని చెప్పేస్తారు. ఏ శబ్దం అని అడిగితే చెప్పలేరు. అందుకే పక్కన ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి, "అన్నా, ఇప్పుడెందుకు ఆపావు?" అని అప్పటికప్పుడు అడిగించండి. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును ఆ కుర్రాడే రాసుకోవాలి.

జరిగిన ఒక నష్టాన్ని తీసుకుని ముప్ఫై నిమిషాలు కూర్చోండి

ఏదైనా తప్పు జరిగిన రెండు రోజుల్లోపు ఈ సమావేశం పెట్టండి. వారం దాటితే జ్ఞాపకాలు మారిపోతాయి, ఎవరి కథ వాళ్లకు తయారైపోతుంది. ఏసీ గదిలో వద్దు. మెషీన్ దగ్గరే నిలబడి మాట్లాడుకోండి. ఆ పని మీద చేయి పడిన వాళ్లందరూ ఉండాలి. ముందు జూనియర్లు మాట్లాడాలి, మీరు అందరికన్నా ఆఖరున మాట్లాడాలి. మీరు ముందే అభిప్రాయం చెప్పేస్తే ఇక అక్కడున్న వాళ్లంతా దానికే తల ఊపుతారు.

అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు. ఏం జరగాలనుకున్నాం? నిజంగా ఏం జరిగింది? రెండింటికీ తేడా ఎందుకు వచ్చింది? ఈసారి ఏం మారుస్తాం? అమెరికా సైన్యం శిక్షణ విన్యాసాల తర్వాత వాడే సమీక్ష పద్ధతి ఇదే. కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ శిక్షణ కేంద్రంలో 1980లలో ఇది గట్టిగా స్థిరపడి, తర్వాత కంపెనీల్లోకీ ఆసుపత్రుల్లోకీ పాకింది. సైన్యంలో కూడా ఆ కాసేపు ర్యాంకు పక్కన పెట్టి మాట్లాడాలన్నది దాని నియమం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మీరు పంపిన పార్టుల్లో 120 కొలత తప్పి కస్టమర్ దగ్గరి నుంచి వెనక్కి వచ్చాయి.

"డ్రాయింగ్ మారిందని నీకెప్పుడు తెలిసింది?"

"పార్టులు వెనక్కి వచ్చాకే సార్."

"మెషీన్ దగ్గర ఏ డ్రాయింగ్ ఉంది?"

"పాతదే. లామినేషన్ చేసి తగిలించి ఉంది."

"మరి కొత్తది?"

"సూపర్‌వైజర్ గారి వాట్సాప్‌లో ఉందంట సార్."

ఇక్కడ ఆగి "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాసుకుంటే మీటింగ్ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అతని జీతంలో కోత పడుతుంది. పాత డ్రాయింగ్ మాత్రం గోడ మీద అలాగే ఉంటుంది, తర్వాతి ఆపరేటర్ కోసం. కాబట్టి ఎందుకు అన్న ప్రశ్నను ఇంకా లోపలికి తీసుకెళ్లండి. పాతది ఎందుకు తీయలేదు? తీయడం ఎవరి పనీ కాదు కాబట్టి. ఎవరి పనీ ఎందుకు కాలేదు? కస్టమర్ మెయిల్ ఆఫీసుకు వస్తుంది, ఆఫీసు వాళ్లు ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు పంపుతారు, ఏ మెషీన్ దగ్గర ఏ డ్రాయింగ్ కాపీలు ఉన్నాయో రాసిన పుస్తకమే లేదు. ఇప్పుడు అసలు చోటు దొరికింది. ఇది మనిషిలో ఉన్న లోపం కాదు, ఇద్దరు మనుషుల మధ్య ఉన్న ఖాళీ. నా అనుభవంలో ఎక్కువ తప్పులు అలాంటి ఖాళీల్లోనే పుడతాయి: షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య, స్టోర్స్‌కీ లైన్‌కీ మధ్య, డాక్టర్‌కీ నర్సుకీ మధ్య.

ఎన్నిసార్లు "ఎందుకు" అని అడగాలి? టయోటాలో ఐదుసార్లు అనే వాడుక ఉంది. అంకె పట్టుకుని కూర్చోకండి. మీరు మార్చగలిగే పని ఒకటి చేతికి చిక్కేదాకా అడగండి చాలు.

నిజం చెప్పిన మనిషికి నష్టం జరగకుండా చూడండి

పైన చెప్పినవన్నీ దీని మీదే నిలబడతాయి. నిజం చెబితే జీతం కోస్తారన్న భయం ఉన్న చోట ఎన్ని మీటింగులు పెట్టినా మీకు అందేది అందంగా అల్లిన కథే.

1990లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న నర్సింగ్ బృందాల్లో తప్పులు తక్కువగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్కల్లో ఆ బృందాల్లోనే ఎక్కువ కనబడ్డాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా చెప్పారు. భయపడే బృందాల్లో తప్పు రికార్డుకే ఎక్కలేదు. కాబట్టి మీ రిజిస్టర్‌లో తప్పులు సున్నా అని ఉంటే సంబరపడే ముందు ఒక్కసారి ఆలోచించండి.

తృటిలో తప్పిన ప్రమాదాలు ఇంకా విలువైనవి. 1974 డిసెంబరు 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి వస్తూ వర్జీనియాలో ఒక కొండను ఢీకొంది. 92 మంది చనిపోయారు. దానికి ఆరు వారాల ముందు ఇంకో ఎయిర్‌లైన్ పైలట్లు, కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని అలాగే తప్పుగా అర్థం చేసుకుని, అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. వాళ్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. మిగతా వాళ్లకు చెప్పే దారి అప్పటికి లేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందంటే ఇదే. ఆ తర్వాత 1976లో నాసా నిర్వహణలో ఒక రిపోర్టింగ్ వ్యవస్థ మొదలైంది. పేరు బయటపెట్టరు. కావాలని చేయని పొరపాటును పది రోజుల్లోపు తెలియజేస్తే జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. ఆ జాగ్రత్త తీసుకున్నారు కాబట్టే పైలట్లు నోరు విప్పారు.

మీ చోట ఇదే పని ఇలా చేయండి. తనంతట తాను చెప్పిన పొరపాటుకు జీతం కోత, మెమో ఉండవని ప్రకటించండి. నోటితో కాదు, నోటీసు బోర్డు మీద. తాగి పనికి రావడం, సేఫ్టీ గార్డ్ తీసేసి మెషీన్ నడపడం, కావాలని రికార్డు దిద్దడం దీని కిందికి రావని అదే కాగితంలో రాయండి. గీత స్పష్టంగా ఉంటేనే మనుషులకు ధైర్యం. సమీక్షలో మాట్లాడింది హెచ్‌ఆర్ ఫైలులోకి వెళ్లకూడదు. ఒక్కసారి వెళ్లిందా, ఆ సంగతి క్యాంటీన్‌లో అందరికీ తెలుస్తుంది, మళ్లీ ఎవరూ మాట్లాడరు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, చెడ్డ వార్త విన్న మొదటి నిమిషంలో మీ నోటి నుంచి వచ్చే మాట. "ఎవడు చేశాడు?" అన్నారా, "చెప్పి మంచి పని చేశావు, ముందు ఏం ఆపాలో చూద్దాం" అన్నారా? మీ చుట్టూ ఉన్న వాళ్లు ఆ ఒక్క మాటను ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

మన దగ్గర ఇందుకు గొప్ప ఉదాహరణ శ్రీహరికోటలో ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందుకు వచ్చి వైఫల్యం బాధ్యతను భుజాన వేసుకున్నది మాత్రం ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాట్లాడమని ధవన్ కలాంను ముందుకు పంపారు. ఈ సంగతి కలాం స్వయంగా ఎన్నో సభల్లో చెప్పారు. పైఅధికారి బయటి నుంచి పడే రాళ్లను తాను కాస్తే, లోపలి బృందం తల దించుకుని కూర్చోకుండా వాల్వు ఎక్కడ లీకైందో వెతుక్కోగలుగుతుంది. ఏడాది తిరగకుండానే మళ్లీ ప్రయోగించగలగడానికి ఆ అండ కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

నేర్చుకున్నది పనిలో మార్పుగా మారాలి

సమీక్ష అయ్యాక ఎక్కువ ఆఫీసుల్లో ఒక సర్క్యులర్ వస్తుంది: "ఇకపై అందరూ జాగ్రత్తగా ఉండవలెను." దానివల్ల ఏదీ మారదు. ఎవరూ అజాగ్రత్తగా ఉందామని పనికి రారు కదా.

మార్పుల్లో బలమైనవి, బలహీనమైనవి ఉంటాయి. అన్నిటికన్నా బలమైంది తప్పు చేయడానికే వీల్లేకుండా పనిని మార్చడం. పార్టు తిరగేసి పెడితే, దాన్ని కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్‌లో కూర్చోకుండా ఒక పిన్ను పెట్టించడం అలాంటిది. టయోటా వాళ్ల మూలపురుషుడు సకిచి టయోడా 1924లో తయారు చేసిన మగ్గం దారం తెగగానే దానంతట అది ఆగిపోయేది, కాబట్టి పాడైన బట్ట పోగుపడేది కాదు. తర్వాతిది చెక్‌లిస్ట్. ఆ తర్వాత శిక్షణ. ఆఖరుది హెచ్చరిక. ముందు పైనుంచి ప్రయత్నించండి, కుదరకపోతేనే కిందికి రండి. మన డ్రాయింగ్ విషయంలో మార్పు ఇలా ఉండొచ్చు: ఒక రిజిస్టర్ పెట్టి, పాత కాపీ చేతికి ఇస్తేనే తేదీ ముద్ర వేసిన కొత్త కాపీ ఇవ్వడం. ముద్ర లేని కాగితం చూసి జాబ్ మొదలుపెట్టకూడదు. ఖర్చు ఒక రబ్బర్ స్టాంప్.

చెక్‌లిస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ వాడతారు, చాలామంది పాడుచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇతర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశారు. 101 ఆసుపత్రుల లెక్కలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2014లో తేలింది. జాబితా అదే. పెద్ద తేడా దాన్ని ప్రవేశపెట్టిన తీరులో ఉందని చాలామంది నిపుణులు అన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. నర్సు "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం ఆగండి" అని నోరు తెరిచి అనగలిగిన చోట ఆ జాబితాకు ప్రాణం ఉంటుంది. షిఫ్టు చివర కూర్చుని అన్ని గడుల్లో టిక్కులు పెట్టేసే చోట అది ఒక కాగితం మాత్రమే. మీ చెక్‌లిస్ట్ కూడా ఆ పని చేసే వాళ్లతోనే రాయించండి. పది లైన్లు దాటనివ్వకండి.

వైఫల్యం మొత్తం ఒక డిజైన్‌గా మారిన ఉదాహరణ చంద్రయాన్. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. ఇస్రో ఆ డేటా అంతా తవ్వి, ఎక్కడెక్కడ విఫలం కావచ్చో ముందే ఊహించి చంద్రయాన్-3ని తయారు చేసింది. దిగాల్సిన చోటు అంతకుముందు 500 మీటర్ల చదరం. ఈసారి 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్లు ఇచ్చారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, వేగం కొలిచే కొత్త పరికరం చేర్చారు. 2023 ఆగస్టు 23న అది మెత్తగా దిగింది. ఆ జాబితాలో ప్రతిదీ చేత్తో తాకి చూపించగలిగే మార్పే. మీ సమీక్ష నుంచి వచ్చిన నిర్ణయాన్ని కూడా ఇలాగే పరీక్షించండి: మార్చింది ఏమిటో వేలు పెట్టి చూపించగలరా?

రాసి పెట్టడం, ఇంకొకరికి చేర్చడం

రాసేటప్పుడు ఒక పేజీ దాటొద్దు. పనివాళ్లు మాట్లాడే మాటల్లోనే రాయండి. మన పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి తెలుగుతో పాటు హిందీలోనూ ఉండాలి. చదవడం రాని వాళ్లకు ఫొటోలు, ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో సరిపోతాయి. రాసిన తేదీ, చెప్పిన మనిషి పేరు ఉండాలి. కాగితం పని జరిగే చోటే ఉండాలి, బీరువాలో కాదు. వాట్సాప్ గ్రూపును నమ్ముకోకండి. అక్కడ వేసిన ముఖ్యమైన సంగతి సాయంత్రానికల్లా పుట్టినరోజు శుభాకాంక్షల కింద పూడిపోతుంది.

రాసింది బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. ఆ పని ఎప్పుడూ చేయని కుర్రాడికి కాగితం ఇచ్చి చేయమనండి. మీరు పక్కన నిలబడి నోరు మెదపకండి. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ కాగితంలో లోపం ఉన్నట్టు.

ఇంకో షిఫ్టుకో, ఇంకో బ్రాంచికో చేర్చాలంటే కాగితం చాలదు, మనిషిని పంపాలి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ గొడవలకూ గైర్హాజరుకూ పేరు మోసింది. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి న్యుమి పేరుతో మళ్లీ తెరిచారు. తీసుకున్న వాళ్లలో ఎక్కువమంది పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. ఆ కార్మికులను టయోటా బృందాలుగా జపాన్ తీసుకెళ్లి తమ కార్మికుల పక్కన నిలబెట్టి నేర్పించింది. లోపం కనబడితే తాడు లాగి లైన్ ఆపే హక్కు మామూలు కార్మికుడికి ఇచ్చింది. అంతకుముందు రోజుకు ఐదుగురిలో ఒకరు పనికి రాని ఆ చోట గైర్హాజరు బాగా తగ్గింది, కార్ల నాణ్యత పెరిగింది. మనుషులు మారలేదు, వాళ్ల మాటకు దక్కిన విలువ మారింది. కానీ జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీలకు దీన్ని చేర్చడంలో ఏళ్ల తరబడి తంటాలు పడింది. అదే రాష్ట్రంలోని వాన్ నైస్ ఫ్యాక్టరీలో తాడు కట్టారు గానీ, లైన్ ఆపితే మేనేజర్లు కోప్పడే పద్ధతి పోలేదు. ఆ ఫ్యాక్టరీ 1992లో మూతపడింది. మీ రెండో యూనిట్‌కు పీపీటీ పంపి చేతులు దులుపుకోవాలనిపించినప్పుడు ఈ తాడు సంగతి గుర్తుంచుకోండి. అక్కడి వాళ్లు ఇద్దరు వచ్చి మీ దగ్గర వారం పనిచేయాలి, మీ వాళ్లు ఇద్దరు వెళ్లి అక్కడ వారం ఉండాలి.

మూడు నెలలకోసారి పాతవి తిరగేయండి

నేర్చుకున్నది చెరిగిపోతుంది. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయాక నాసా ఎన్నో పాఠాలు రాసుకుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పొట్టనపెట్టుకున్న కొలంబియా ప్రమాదం తర్వాత విచారణ బోర్డు తేల్చింది ఏమిటంటే, చాలెంజర్ నాటి సంస్థాగత లోపాలు సరి కాలేదని. ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్కలు ఊడిపడటం అంతకుముందు ప్రయోగాల్లోనూ జరిగింది. ప్రతిసారీ ఏమీ కాలేదు కాబట్టి, అది మామూలే అన్న భావన స్థిరపడింది. మీ చోట "అది ఎప్పుడూ అంతే సార్, ఏం కాదు" అన్న మాట దేని గురించి వినిపిస్తోందో రాసుకోండి. మూడు నెలల సమీక్షలో మొదటి అంశం అదే కావాలి.

తీసేయాల్సినవి కూడా ఉంటాయి. ప్రతి తప్పుకూ ఒక కొత్త ఫారం చేరుస్తూ పోతే, రెండేళ్లకు మీ ఆపరేటర్ పనికన్నా సంతకాలే ఎక్కువ చేస్తాడు. కొత్తది ఒకటి పెట్టినప్పుడల్లా పాతది ఒకటి తీయగలమా అని అడగండి. నేర్చుకోవడం పేరుతో ఉద్యోగుల నెత్తిన పని పెంచడం అన్యాయం. డ్యూటీ అయ్యాక శిక్షణ పెట్టడం కూడా అంతే. అది డ్యూటీ గంటల్లోనే జరగాలి.

ఇదంతా పనిచేస్తోందా అని చూసుకోవడానికి ఎన్ని శిక్షణలు పెట్టాం అన్న లెక్క వద్దు. ఒకసారి సరిచేసిన లోపం మళ్లీ వచ్చిందా, సీనియర్ సెలవులో ఉన్నప్పుడు ఆయనకు ఫోన్లు వెళ్తున్నాయా, కొత్తవాడు ఎన్నాళ్లకు ఒంటరిగా మెషీన్ నడపగలుగుతున్నాడు, ఇవి చూడండి. చిన్న సమస్యల గురించి వచ్చే రిపోర్టులు మొదటి నెలల్లో పెరుగుతాయి. కంగారు పడకండి, అప్పటిదాకా దాగి ఉన్నవే ఇప్పుడు బయటికొస్తున్నాయి.

మీ చేతిలో అధికారం లేకపోతే

పైవాళ్లు ఇవేవీ చేయకపోయినా మీ షిఫ్టు వరకు మీరు చేయగలిగినవి ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి మనిషికి మూడు సంగతులు రాసిపెట్టండి: ఏం నడుస్తోంది, ఏం సగంలో ఉంది, దేని మీద అనుమానం ఉంది. అవతలివాళ్లు రాయకపోయినా మీరు రాయండి. కొన్నాళ్లకు వాళ్లూ మొదలుపెడతారు, ఎందుకంటే దానివల్ల సుఖం వాళ్లకే తెలుస్తుంది. సమస్య చెప్పేటప్పుడు మనిషి పేరుతో కాకుండా పని పేరుతో చెప్పండి. "వాడు చూడలేదు" అంటే గొడవ మొదలవుతుంది. "ఆ రాక్ మీద లేబుల్ లేదు" అంటే లేబుల్ వస్తుంది. మీకు తెలిసిన పనిని కనీసం ఒక్కరికి నేర్పండి. ఆ పనికి మీరొక్కరే దిక్కయితే అక్కడి నుంచి మిమ్మల్ని ఎవరూ పైకి కదపరు.

సొంత నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. కంపెనీ డ్రాయింగులు, కస్టమర్ వివరాలు అందులో వద్దు. మీరు ఎదుర్కొన్న సమస్య, ఏం ప్రయత్నించారు, ఏది పనిచేసింది, ఇవి చాలు. రేపు ఇంకో చోట ఇంటర్వ్యూలో "కష్టమైన సమస్య ఒకటి చెప్పు" అని అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు. ఉద్యోగం మారేటప్పుడు నోటీసు కాలంలో చివరి రోజు దాకా ఆగకుండా, మొదటి వారమే మీ పనుల జాబితా రాసి, మీ చోటికి వచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. చివరి వారం అతను చేయాలి, మీరు పక్కన కూర్చుని చూడాలి.